హక్కులు అమ్మాక కూడా రచయిత దగ్గర మిగిలేది

మన్నూ భండారీ హిందీ నవల ‘ఆప్ కా బంటీ’ విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిపోయే ఒక పిల్లవాడి కథ. దాన్ని సినిమాగా తీసే హక్కును ఆమె ఒక నిర్మాణ సంస్థకు రాసిచ్చారు. ఒప్పందం ఉంది, సంతకాలున్నాయి, డబ్బూ ముట్టింది. రచయిత్రితో చర్చించి సినిమాకు కావలసిన మార్పులు చేసుకోవచ్చన్న షరతు కూడా అందులో ఉంది. తీరా ‘సమయ్ కీ ధారా’ పేరుతో సినిమా తయారయ్యాక చూస్తే, తన పాత్రలు తనకే గుర్తు దొరకనంతగా మారిపోయాయని ఆమెకు అనిపించింది. పాత్రల తీరు, వాళ్ల మాటలు, ముగింపు ఏవీ నవల చెప్పినదాన్ని చెప్పడం లేదని, ఇది తన పేరుతో బయటికొస్తే పాఠకుల్లో తన పరువు పోతుందని ఆమె కోర్టుకెక్కారు. కింది కోర్టు విడుదల ఆపడానికి ఒప్పుకోలేదు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది.

నిర్మాతల వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. హక్కులు కొన్నాం, మార్పులకు ఒప్పందమే అనుమతినిచ్చింది, ఇంకా ఏమిటి పేచీ? 1986లో హైకోర్టు దీన్ని అంగీకరించలేదు. ఒప్పందాన్ని కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్‌తో కలిపి చదవాలంది. ఆ సెక్షన్ రచయితకు రాబడితో నిమిత్తం లేని ఒక ప్రత్యేక స్థానాన్ని ఇస్తోందని, కొన్నవారు మార్పులు చేయవచ్చు గానీ ఆ మార్పులతో రచన ఇంకేదో అయిపోకూడదని చెప్పింది. ఒక మాధ్యమం నుంచి మరో మాధ్యమంలోకి వెళ్లేటప్పుడు రచన కొంత మారక తప్పదని కూడా అదే తీర్పు ఒప్పుకుంది. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న జాగాలోనే ఇలాంటి తగాదాలన్నీ నడుస్తాయి.

కాపీరైట్ అనగానే మనకు తోచేది డబ్బు సంగతి. అచ్చు వేయడం, అనువదించడం, సినిమా తీయడం, పాట ప్రసారం చేయడం వగైరా హక్కులన్నీ ఆస్తి లాంటివి. అమ్మొచ్చు, కొన్నేళ్లకు ఇవ్వొచ్చు, వారసులకు రాయొచ్చు. అయితే ఇల్లు అమ్మేశాక కొన్నవాడు గోడలు పడగొట్టి గోదాం పెట్టుకున్నా పాత యజమానిని ఎవరూ వేలెత్తి చూపరు. రచన సంగతి వేరు. ఎన్ని చేతులు మారినా దాని మీద రాసినవాళ్ల పేరే ఉంటుంది, అందులోని ప్రతి వాక్యానికీ జనం వాళ్లనే అడుగుతారు. ఒక స్త్రీ పక్షాన నిలబడి రాసిన కథ తెరమీద ఆమెనే వెక్కిరించేలా తయారైతే, ఆ వెక్కిరింత రాసినవాళ్ల ఖాతాలో పడుతుంది. ఈ ప్రమాదం కోసమే చట్టం ఆస్తి హక్కుల పక్కన మరో జత హక్కుల్ని పెట్టింది. వీటిని నైతిక హక్కులు అంటున్నాం.

ఇవి ప్రధానంగా రెండు. ఈ రచన నాది అని చెప్పుకునే హక్కు ఒకటి. నా పరువు పోయేలా దాన్ని వక్రీకరించవద్దని, ముక్కలు చేయవద్దని అడ్డుకునే హక్కు రెండోది. ఫ్రాన్సు కోర్టులు పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ ఆలోచనకు దారి వేశాయి. సాహిత్య, కళాకృతుల రక్షణ కోసం 1886లో కుదిరిన బెర్న్ ఒప్పందంలో మొదట వీటి ఊసు లేదు. 1928లో రోమ్‌లో సవరించినప్పుడు దానికి ఒక కొత్త అధికరణం చేర్చారు. రచయిత తన ఆర్థిక హక్కులన్నీ వదులుకున్నాక కూడా ఈ రెండు హక్కులూ ఆయన దగ్గరే ఉంటాయన్నది దాని సారాంశం. మన 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ఆ అధికరణానికి మన దేశపు రూపం. చట్టంలో దాని శీర్షిక ‘రచయిత ప్రత్యేక హక్కులు’. ఇక్కడ రచయిత అంటే కథలు రాసేవారే కాదు. చిత్రకారులు, శిల్పులు, పాటల రచయితలు, సంగీత దర్శకులు, భవనాలకు రూపమిచ్చే ఆర్కిటెక్టులు, ఫొటో తీసేవాళ్లు అందరూ ఆ మాట కిందికే వస్తారు.

ఆ సెక్షన్ ఇప్పుడున్నట్టు మొదట లేదు, ఆ తేడా తెలిస్తే పాత తీర్పుల్ని ఎంతవరకు నమ్ముకోవాలో అర్థమవుతుంది. 1957 నాటి పాఠంలో వక్రీకరణ, ఛేదన, మార్పు ఒక వరుసలో ఉండేవి. గౌరవానికి, ప్రతిష్ఠకు భంగం కలిగించే ‘ఇతర చర్యలు’ వేరే వరుసలో ఉండేవి. అంటే రచనను మార్చినట్టు చూపగలిగితే, పరువు నష్టాన్ని విడిగా రుజువు చేయనక్కర్లేదని వాదించే వీలుండేది. మన్నూ భండారీ కేసు ఆ పాఠం కింద నడిచింది. 1994 సవరణ ఆ వీలు తీసేసింది. ఇప్పుడు ఏ రకం మార్పయినా సరే, అది రచయిత గౌరవానికో ప్రతిష్ఠకో భంగం కలిగించేలా ఉందని తేలాల్సిందే. నా వాక్యం మార్చారు అన్న ఫిర్యాదు ఒక్కటే చాలదు. ఆ మార్పుతో నేను ఏ రకం మనిషిగా, ఏ రకం రచయితగా కనిపిస్తున్నానో చూపాలి. బెర్న్ ఒప్పందం కూడా అడిగేది అదే.

అయితే పరువు పోయిందో లేదో తేల్చేదెవరు? బాధపడిన రచయిత మాటే ప్రమాణమైతే ప్రతి ఎడిటరూ నేరస్థుడే. బయటివాళ్ల మాటే ప్రమాణమైతే, కళ సంగతి పట్టని జడ్జి చేతిలో ఆ హక్కు ఆవిరైపోతుంది. ఈ చిక్కుకు నాకు తెలిసినంతలో మంచి జవాబు కెనడాలో దొరికింది. టొరంటోలోని ఈటన్ సెంటర్ అనే పెద్ద షాపింగ్ సముదాయంలో, కప్పు నుంచి వేలాడుతూ కిందికి వాలుతున్నట్టుండే అరవై బాతుల శిల్పం ఉంది. చేసింది మైఖేల్ స్నో. సముదాయం యాజమాన్యం దాన్ని ఆయన దగ్గర కొనుక్కుంది. 1982 క్రిస్మస్‌కు అలంకరణ పేరుతో ఆ బాతుల మెడలకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. ఒక్క బాతునూ విరగ్గొట్టలేదు, రంగు మార్చలేదు. పండగ అయ్యాక విప్పేస్తే శిల్పం ఎప్పట్లాగే ఉంటుంది.

స్నో మాత్రం ఒప్పుకోలేదు. నిజమైన పక్షుల గుంపులా, అడవి స్వేచ్ఛతో దిగుతున్నట్టు కనిపించాలని తాను చేసినదాన్ని దుకాణం అలంకరణ సామగ్రిగా దిగజార్చారన్నారు. కోర్టు ఆయన వైపు నిలిచింది, రిబ్బన్లు తీయించింది. ప్రతిష్ఠకు భంగం అనే మాటలో కళాకారుడి సొంత అభిప్రాయానికి కొంత చోటు ఉంటుందని, ఆ అభిప్రాయం సహేతుకంగా ఏర్పడినదైతే చాలని జడ్జి అన్నారు. ఆ రంగంలో పేరున్న ఇతర కళాకారులు, తెలిసినవాళ్లు స్నో అభిప్రాయంతో ఏకీభవించడం కూడా తీర్పుకు ఊతమైంది. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. ముందు రచయిత తన నొప్పి ఎక్కడుందో చెప్పాలి. అది అలుకో, న్యాయమైన బాధో ఆ పని తెలిసిన నలుగురు చెప్పాలి. శిల్పానికి ఒక గీత కూడా పడకుండా దాని అర్థాన్ని పాడుచేయవచ్చని గుర్తించిన తీర్పుగా కూడా ఇది నిలుస్తుంది.

చుట్టూ ఉన్న సందర్భం మారితే చాలు, లోపల ఒక్క స్వరం మారకపోయినా రచన వేరే పక్షం మాట్లాడుతుంది. 1948లో ఒక అమెరికన్ చిత్ర నిర్మాణ సంస్థ సోవియట్ గూఢచర్యం మీద తీసిన సినిమాలో షొస్తకోవిచ్, మరికొందరు సోవియట్ స్వరకర్తల సంగీతం వాడుకుంది. అమెరికాలో ఆ సంగీతానికి అప్పటికి కాపీరైట్ రక్షణ లేదు. తమ దేశాన్ని దుయ్యబట్టే సినిమాలో తమ పేర్లు, తమ సంగీతం కనిపిస్తే తాము దాన్ని సమర్థించినట్టు అవుతుందన్నది స్వరకర్తల ఫిర్యాదు. న్యూయార్క్ కోర్టు కొట్టేసింది. అదే సినిమా మీద, అదే స్వరకర్తల తరఫున ఫ్రాన్సులో వేసిన కేసు గెలిచింది. సంగీతం ఒకటే, సినిమా ఒకటే, సముద్రానికి ఇటు ఒక న్యాయం, అటు ఒక న్యాయం. ఎన్నికల ప్రచారాల్లో పాటలు వాడుకునే తీరు చూసినప్పుడల్లా ఈ కేసు గుర్తొస్తుంది.

కత్తిరింపుల విషయంలో కొలత కొంచెం తేలిక. తొంభై నిమిషాల కార్యక్రమంలో ఇరవై నాలుగు నిమిషాలు కోసేసి ప్రసారం చేసిన ఒక అమెరికన్ టీవీ సంస్థ మీద బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ 1976లో గెలిచింది. అప్పటికి అమెరికా చట్టంలో నైతిక హక్కు అన్న మాటే లేదు. అయినా అప్పీలు కోర్టు, ఒప్పందం దాటి కోశారన్న కారణాన్నీ, ఇంత వికలమైనదాన్ని వాళ్ల పేరుతో చూపడం ప్రేక్షకుల్ని మోసగించడమే అన్న కారణాన్నీ పట్టుకుని న్యాయం చేసింది. ఆ రెండో కారణమే ఈ మొత్తం విషయానికి ఆయువుపట్టు అని నా నమ్మకం. రచయిత చెప్పని మాటను ఆయన నోట పెట్టడం అసలు తప్పు. దానికి బలయ్యేది రచయిత ఒక్కడే కాదు, ఆ పేరు చూసి నమ్మి వచ్చిన పాఠకుడు కూడా.

ఈ హక్కు కిందికి రానివీ చాలా ఉన్నాయి. పుస్తకాన్ని చీల్చి చెండాడుతూ సమీక్ష రాస్తే వక్రీకరణ కాదు, ఎందుకంటే సమీక్షకుడు తన మాట తన పేరుతోనే చెబుతున్నాడు. బొమ్మను గోడకు తగిలించకుండా అటక మీద పెట్టినా, రచయిత కోరినంత బాగా ప్రదర్శించకపోయినా ఫిర్యాదు చెల్లదని 57వ సెక్షన్ వివరణలోనే ఉంది. అచ్చుతప్పులు, పేజీకి సరిపడేలా ఒకటి రెండు వాక్యాల కుదింపు, నాసిరకం కాగితం బాధ కలిగించవచ్చు గానీ కోర్టు దాకా పోవు. కంప్యూటర్ ప్రోగ్రాములకు చట్టం అనుమతించిన మార్పులకూ మినహాయింపు ఉంది. చెడ్డ అనువాదం మాత్రం సరిహద్దు మీద నిలుస్తుంది. భాష పేలవంగా ఉంటే అది అనువాదకుడి అసమర్థత. వాదాన్ని తలకిందులు చేసి, అధ్యాయాలు ఎగరగొట్టి, ఆ సంగతి పాఠకుడికి చెప్పకుండా మూల రచయిత పేరు పెట్టి అమ్మితే అది అచ్చంగా ఈ సెక్షన్ చెప్పే తప్పే.

ఇక అసలు గట్టి చిక్కు. పాడుచేయడం తప్పయితే, పూర్తిగా నాశనం చేయడం?

ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌తో ప్రభుత్వం ఒక కంచు కుడ్యశిల్పం చేయించింది. పని 1957లో అప్పగిస్తే 1962 నాటికి పూర్తయింది. నూట నలభై అడుగుల పొడవు, నలభై అడుగుల ఎత్తు. 1979లో భవనానికి మరమ్మతులు చేస్తూ, శిల్పికి ఒక్క మాటైనా చెప్పకుండా దాన్ని గోడ మీంచి ఊడబీకి ముక్కలుగా గోదాములో పడేశారు. ఆయన ప్రభుత్వానికి విన్నపాలు చేసుకున్నారు, జవాబు రాలేదు. చివరికి కోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చింది. మిగిలిన ముక్కల్ని ఆయనకు తిరిగి ఇచ్చేయాలి, ఐదు లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించాలి. ప్రభుత్వం డబ్బిచ్చి చేయించుకున్న శిల్పం మీద ప్రభుత్వానికి ఇక ఏ హక్కూ లేదు.

తీర్పు చెప్పిన కారణం ఆలోచించదగ్గది. ఒక కళాకారుడి కృషి అంతా కలిసి ఒక రాశి. అందులోంచి ఒక పెద్ద ముక్కను లేకుండా చేస్తే ఆ రాశి తగ్గుతుంది, దాంతోపాటు ఆయన ప్రతిష్ఠా తగ్గుతుంది. కనుక నాశనం అనేది ఛేదనకే పరాకాష్ఠ. ఇలాంటి కృతి దేశపు సాంస్కృతిక సంపద కూడా అని గుర్తుచేసింది.

పద్నాలుగేళ్ల తరువాత అదే హైకోర్టులో ఇంకో జడ్జి ముందుకు దాదాపు అదే ప్రశ్న వచ్చింది. ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ భవనాన్ని 1972 వాణిజ్య ప్రదర్శన కోసం కట్టారు, రూపకర్త ఆర్కిటెక్టు రాజ్ రేవాల్. కాంక్రీటు చట్రాలతో అంత పెద్ద కప్పు నిలబెట్టిన ఆ కట్టడాన్ని 2017 ఏప్రిల్‌లో కొత్త సముదాయం కోసం కూల్చేశారు. దాన్ని అక్కడే గానీ మరోచోట గానీ తిరిగి కట్టించాలని ఆయన కోరారు. 2019 మే నెలలో కోర్టు కాదంది. భవనాన్ని సగం మార్చి, ఆ వికారాన్ని ఆర్కిటెక్టు పేరు మీద నిలబెడితే పరువు పోవచ్చు. అసలు కంటికి కనిపించకుండా పోయినదాన్ని చూసి ఎవరూ ఆయన్ని తక్కువగా అనుకోలేరు. పైగా స్థలం యజమానికి తన ఆస్తిని వాడుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చినది. ఆ హక్కును ఆర్కిటెక్టు హక్కు మింగేయడానికి లేదు.

రెండు కేసుల్నీ ఒక్కో జడ్జి ఒంటరిగా విన్నారు, ఇద్దరిదీ ఒకే స్థాయి కాబట్టి ఒక తీర్పు మరోదాన్ని కొట్టేయదు, రెండూ ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. కొందరు వీటిని ఎలాగోలా కలిపి చదువుతారు. శిల్పాన్ని విప్పి శిల్పికి తిరిగి ఇవ్వొచ్చు, భవనం అలా కాదు, ఉపయోగం కోసం కట్టినది, స్థలంతో ముడిపడినది. ఈ తేడా నిజమే. కానీ రేవాల్ తీర్పులోని తర్కాన్ని చివరిదాకా లాగితే ఒక వింత ఫలితం వస్తుంది. బొమ్మ మూల చించినవాడు దోషి, బొమ్మ మొత్తం తగలబెట్టినవాడు నిర్దోషి. చేసిన పాపం సగంలో ఆగితే శిక్ష, పూర్తిచేస్తే విముక్తి. నాకైతే సెహగల్ తీర్పే న్యాయానికి దగ్గరగా తోస్తుంది. భవనాల విషయంలో మాత్రం కూల్చే ముందు రూపకర్తకు నోటీసు, కొలతలు, ఫొటోలు తీసుకునే గడువు చట్టంలో రాస్తే ఇద్దరి హక్కూ నిలుస్తుంది.

అమెరికా ఈ నాశనం ప్రశ్నకు సూటిగా సమాధానం రాసుకుంది, అదీ దృశ్యకళలకే. ఆ దేశం బెర్న్ ఒప్పందంలో చేరిందే 1989లో. 1990లో దృశ్య కళాకారుల హక్కుల చట్టం తెచ్చి, గుర్తింపు పొందిన స్థాయి ఉన్న కృతుల్ని నాశనం చేయడాన్ని నిషేధించింది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీది గ్రాఫిటీ బొమ్మలకు యజమాని 2013లో రాత్రికి రాత్రి తెల్లసున్నం కొట్టించాడు. భవనం అతనిదే, గోడలూ అతనివే. అయినా చిత్రకారులకు 67 లక్షల 50 వేల డాలర్లు చెల్లించాలని 2018లో కోర్టు ఆదేశించింది, 2020లో అప్పీలు కోర్టు సమర్థించింది. చట్టం అడిగిన నోటీసు ఇచ్చి, గడువు దాకా ఆగి ఉంటే అతనికి ఆ శిక్ష పడేది కాదు. అదే దేశంలో నవలా రచయితకు మాత్రం ఈ చట్టం ఏమీ ఇవ్వదు.

మన దేశంలో అతి పెద్ద కన్నం సినిమా దగ్గర ఉంది. కథకు రచయిత కథారచయిత, పాటకు పాటల రచయిత, బాణీకి సంగీత దర్శకుడు. మరి సినిమాకు? చట్టంలోని రెండో సెక్షన్ ప్రకారం సినిమాకు రచయిత నిర్మాత. దర్శకుడి పేరు ఆ నిర్వచనంలో లేదు. 2010లో పార్లమెంటుకు వచ్చిన సవరణ బిల్లులో ప్రధాన దర్శకుడిని కూడా సహరచయితగా చేర్చాలని ప్రతిపాదించారు. స్థాయీ సంఘం దశ దాటాక అది బిల్లులోంచి తప్పుకుంది. 2012లో చట్టమైన సవరణలో ఆ మాట లేదు. అంటే 57వ సెక్షన్ చెప్పే హక్కు దర్శకుడికి సినిమా మీద, సినిమాగా, దక్కదు.

ఇది కాగితం మీది లోపంగా ఉన్నంతకాలం ఎవరికీ పట్టలేదు. 2025 ఆగస్టులో ఒళ్లు జలదరించేలా బయటపడింది. ఆనంద్ ఎల్. రాయ్ దర్శకత్వంలో 2013లో వచ్చిన ‘రాంఝణా’ తమిళ రూపం ‘అంబికాపతి’ని హక్కులున్న సంస్థ మళ్లీ విడుదల చేసింది. అసలు సినిమాలో కథానాయకుడు చనిపోతాడు. కొత్త రూపంలో కృత్రిమ మేధతో తయారుచేసిన ముగింపులో అతను కళ్లు తెరుస్తాడు. దర్శకుడు తనను అడగలేదన్నారు. నటుడు ధనుష్ ఆ మార్పు సినిమా ఆత్మనే తీసేసిందని బహిరంగంగా చెప్పారు. ఒక మరణం మీద నిలబడిన కథను సుఖాంతం చేయడం కంటే పెద్ద వక్రీకరణ ఊహించడం కష్టం. అయినా దర్శకుడు కోర్టుకు వెళితే మొదటి ప్రశ్న ఇదే: ఈ సినిమాకు చట్టం దృష్టిలో మీరెవరు?

నటుడి పరిస్థితి, వింతగా, దర్శకుడికంటే మెరుగు. 2012 సవరణ ప్రదర్శకులకు విడిగా 38బి సెక్షన్ ఇచ్చింది. నటులు, గాయకులు, నర్తకులు తమ ప్రదర్శనకు పేరు కోరవచ్చు, ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకోవచ్చు. ఎడిటింగ్ కోసం, నిడివి కోసం, కేవలం సాంకేతిక అవసరాల కోసం చేసే కత్తిరింపులు మాత్రం భంగం కిందికి రావని ఆ సెక్షన్ వివరణ చెబుతుంది. తాను నటించని దృశ్యంలో తన ముఖాన్ని నటింపజేయడం ఈ మూడింట్లో దేనికీ చెందదని నా అభిప్రాయం. కథ, స్క్రీన్‌ప్లే రాసినవాళ్లకు కూడా తమ రచన మేరకు 57 కింద దారి ఉంది. అంటే సినిమాలో చేయిపెట్టిన అందరికీ ఏదో ఒక తలుపు తెరిచే ఉంది, అందర్నీ నడిపించినవాడికి తప్ప.

ఫ్రాన్సులో ఇదే తగాదా దాదాపు తలకిందులుగా తేలింది. జాన్ హ్యూస్టన్ 1950లో నలుపు తెలుపుల్లో తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’కు హక్కుదారులు రంగులద్దారు. హ్యూస్టన్ బతికుండగానే రంగులద్దకాన్ని వ్యతిరేకించారు, 1987లో చనిపోయారు. రంగుల రూపాన్ని ఒక ఫ్రెంచ్ ఛానల్ ప్రసారం చేయబోతే ఆయన వారసులు అక్కడి కోర్టుకు వెళ్లారు. అమెరికా చట్టం ప్రకారం ఆ సినిమాకు రచయిత నిర్మాణ సంస్థ. 1991 మే నెలలో ఫ్రాన్సు అత్యున్నత కోర్టు అదంతా పక్కన పెట్టింది. సినిమా ఏ దేశంలో పుట్టినా, దాన్ని సృష్టించినవారి నైతిక హక్కు ఫ్రాన్సు గడ్డ మీద చెల్లుతుందంది. నలుపు తెలుపుల్లో నీడలతో కథ చెప్పిన మనిషికి ఆ నీడలే రచన అని ఒప్పుకున్న తీర్పు అది.

వారసుల మాట వచ్చింది కాబట్టి, రచయిత పోయాక ఈ హక్కు ఎంతకాలం ఉంటుంది? మన దేశంలో కాపీరైట్ రచయిత మరణించాక అరవై ఏళ్లు. అంతకాలంలోపు జరిగిన వక్రీకరణకే ఈ హక్కు వర్తిస్తుందని 1994 పాఠం చెప్పేది. 2012 సవరణ ఆ మాటల్ని తీసేసింది. చట్టబద్ధ ప్రతినిధులు రచయిత పేరు కోసం కూడా పోరాడవచ్చంది. అంటే ఇప్పుడు గడువు అన్నదే లేదు. ఫ్రాన్సులో ఎప్పటినుంచో ఇదే పద్ధతి. నాకు ఇక్కడ కొంత బెదురు ఉంది. రచన ఏం చెబుతుందో రచయితకు తెలిసినట్టు మునిమనవడికి తెలుస్తుందన్న హామీ లేదు. కులం గురించో, కుటుంబం గురించో నిప్పులాంటి మాట రాసిన మనిషి వారసులు ఆ మాటకే సిగ్గుపడవచ్చు, కొత్త వ్యాఖ్యానాల్ని, నాటకీకరణల్ని తొక్కిపెట్టడానికి ఈ సెక్షన్‌ను పట్టుకోవచ్చు.

ఫ్రాన్సు కోర్టే దీనికి ఒక హద్దు గీసింది. విక్టర్ హ్యూగో ‘లే మిజెరబ్ల్’కు ఒక ఆధునిక రచయిత కొనసాగింపు నవలలు రాస్తే, హ్యూగో వంశీకుడు అడ్డుకోబోయాడు. 2007 జనవరిలో అక్కడి అత్యున్నత కోర్టు, కాపీరైట్ ముగిసిన రచనకు కొనసాగింపు రాయడం సృజన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. కొనసాగింపు రాయడమే తప్పు కాదు. మూల రచనను పాడుచేసిందో లేదో, రాసినవారి విషయంలో పాఠకుడిని గందరగోళపెట్టిందో లేదో చూడాలంది. కొత్త నవల మీద కొత్త రచయిత పేరుంది. హ్యూగో నోట ఎవరూ మాట పెట్టలేదు.

ఇంతకీ కేసు గెలిస్తే దక్కేదేమిటి? చట్టం ప్రకారం అడ్డుకునే ఉత్తర్వు గానీ నష్టపరిహారం గానీ. ఆచరణలో విడుదలకు సిద్ధమైన సినిమాను ఆపడానికి కోర్టులు వెనకాడతాయి, కోట్ల పెట్టుబడి, వందల మంది కష్టం అడ్డం వస్తాయి. 2019లో ఒక భారీ మలయాళ సినిమా స్క్రిప్టు రచయిత వేసిన కేసులో కేరళ హైకోర్టు, స్క్రిప్టు హక్కులు రాసిచ్చాక కూడా 57వ సెక్షన్ హక్కు పోదని స్పష్టంగా చెప్పింది, విడుదలను మాత్రం ఆపలేదు. దావా తేలేదాకా స్క్రిప్టు రచయితగా ఎవరి పేరూ వేయొద్దంది. మన్నూ భండారీ కేసు కూడా చివరికి రాజీతోనే ముగిసింది. సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు, నవల పేరు ఉండవు, ఆమె ఇక అభ్యంతరం చెప్పరు. పేరు తీసేస్తే నోట మాట పెట్టిన తప్పు తొలగిపోతుంది, నిజమే. కానీ కథ తెలిసినవాళ్లకు ఆ సినిమా ఎవరిదో తెలుస్తూనే ఉంటుంది. సొంత రచన మీద పేరు లేకుండా చేసుకోవడాన్ని గెలుపు అనడానికి నాకు నోరు రాదు.

అందుకే అసలు జాగ్రత్త సంతకం దగ్గరే పడాలి. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం రచయిత తన పేరు హక్కును ముందుగా ప్రకటించుకోవాలి, నైతిక హక్కుల్ని రాతపూర్వకంగా వదులుకోవచ్చు కూడా. అక్కడి పుస్తకాల్లో రెండో పేజీ మీద కనిపించే ప్రకటన అదే. మన చట్టం వదులుకోవడం గురించి మౌనంగా ఉంది. 2015లో ఒక దర్శకుడు తన పేరు కోసం వేసిన కేసులో, ఆయన అంతకుముందే తెలిసి సంతకం చేసి క్రెడిట్ వదులుకున్నారని, అది ప్రజాహితానికి విరుద్ధం కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అప్పటి నుంచి ‘నైతిక హక్కులన్నీ వదులుకుంటున్నాను’ అన్న వాక్యాన్ని ఒప్పందం చివర్లో చూసినప్పుడు, చట్టం ముందు అది చెల్లదులే అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పేరు వదులుకోవడం చెల్లినంత మాత్రాన, ఇకముందు ఎలాంటి వికారానికైనా ముందే ఒప్పుకున్నట్టు అవుతుందా అన్నది వేరే ప్రశ్న. కాదనే నేను వాదిస్తాను, ఇంకా జరగని వక్రీకరణకు ఎవరూ తెలిసి ఒప్పుకోలేరు.

ఆ వాక్యాన్ని కొట్టేయించడం అన్నిసార్లూ సాధ్యపడదు, కొత్తగా రాస్తున్నవారికి మరీను. అలాంటప్పుడు దాని పక్కన చేర్చమని అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. ఏ మార్పులకు అనుమతి ఇస్తున్నారో విడివిడిగా రాయించాలి. నిడివి, స్థలకాలాలు, పాత్రల పేర్లు మారవచ్చు, ముగింపు, ప్రధాన పాత్ర స్వభావం మాత్రం అడగకుండా మార్చకూడదు అన్నట్టుగా. తుది ప్రతిని, సినిమా అయితే ఎడిటింగ్ పూర్తయిన రూపాన్ని, విడుదలకు ముందు చూపాలని, అభ్యంతరం చెప్పడానికి ఇన్ని రోజుల గడువని రాయించాలి. నచ్చకపోతే పేరు తీయించుకునే హక్కు, తీయించుకున్నా పారితోషికం తగ్గకూడదన్న షరతు ఉండాలి. కృత్రిమ మేధతో కొత్త దృశ్యాలు, కొత్త గొంతులు, కొత్త ముగింపులు చేర్చడానికి విడిగా, రాతలో అనుమతి తీసుకోవాలన్న ఒక్క వాక్యం దర్శకుల ఒప్పందాల్లో ఈపాటికి ఉండి తీరాలి, ఎందుకంటే వాళ్లకు 57వ సెక్షన్ లేదు, చేతిలో ఉన్నది ఆ ఒప్పందం ఒక్కటే.